ప్రక్క బల్లతో పరిచయము

(మన సంఘ వార్షికోత్సవ సందర్భమున ప్రేమ్ బజారులో చేసిన ప్రసంగ పాఠము)



సంఘ కార్యదర్శిగారు నన్ను పిలిచి, ఏదైన నొక విషయముపై ఇరువది నిమిషములు మాటలాడుమని కోరినపుడు నేను కొంత వెనుకాడితిని. నేను కవిని కాను, పండితుడను కాను. కళాశాలలో సాహిత్యమును, చరిత్రను కొంత చదువుకొని, ఆ పిమ్మట జీవితమును దస్త్రములకు ధారపోసినవాడను. దస్త్రము వ్రాయువానికి తెలిసిన విద్య యొక్కటే. ముందు విషయము, పిదప పూర్వచరిత్ర, ఆ పిదప అభిప్రాయము, తుదకు సంతకము. నేటి ప్రసంగమును కూడ నేనా వరుసలోనే నడిపింతును. సంతకము మాత్రము తాము చేయవలసి యుండును.

విషయ మిది. మనతోపాటు ఒకే కప్పు క్రింద కూర్చుండి, ఒకే ప్రభుత్వపు జీతము తీసికొనుచు, మన భాష కాని భాషను, మన స్వభావము కాని స్వభావమును కలిగియున్న సహోద్యోగులను మనమెట్లు తెలిసికొనవలెను? ఇది చాల చిన్న విషయమని కొందరికి తోపవచ్చును. దీనిని చిన్న విషయముగా నెంచి నేనొక పెద్ద తప్పు చేసితిని. ఆ తప్పును గూర్చి చెప్పుటకే నేటి సభకు వచ్చితిని. అందుకు ముందు కొంత పూర్వచరిత్ర.

ఈ విషయమును ముచ్చటించుటకు ప్రేమ్ బజారు వంటి తగిన చోటు వేరొకటి లేదు. ప్రేమ అంగడిలో దొరకు వస్తువు కాదని పెద్దలందురు. నిజమే. కాని అంగడియందు మనుష్యులు ఒకరికొకరు ఎదురుపడుదురు గదా! సాయంకాలము ఇచ్చటి కూరగాయల దుకాణము ముందు ఒక పావుగంట నిలువుడు. ఒకరు బేగున్ అందురు, ఒకరు బైగన్ అందురు, మన యిల్లాలు వంకాయ అనును. దుకాణదారు మూడింటికిని ఒకే బుట్టనుండి ఒకే కాయను తీసి తూచును. బేరమాడుటలో మాత్రము భారతదేశమంతయు నొక్కటే! ఈ వైపున సాంకేతిక విద్యాసంస్థ, ఆ వైపున హిజ్లీ స్టేషను, ఇంకొక దిక్కున రైల్వే పట్టణము. ఇచ్చటికి వచ్చినవారిలో చాలమంది ఏదో యొక నియామకపత్రమును చేతబట్టుకొని వచ్చినవారే.

అసలు ఈ ఖరగ్‌పూరు పుట్టుకయే ఇట్టిది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన మార్గములను ఇచ్చట కలుపకపోయినచో ఈ ఊరికింత ప్రసిద్ధి లేదు. బెజవాడ నుండి కటకము వరకు తూర్పుతీరపు మార్గమును 1893-96 సంవత్సరముల నడుమ నిర్మించిరి. దాని ఉత్తర భాగము 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసినది. అంతకు ముందే 1900లో రూపనారాయణ నదిపై వంతెన పూర్తియై, ఇచ్చటినుండి హౌరాకు దారి తెరచుకొన్నది. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో కర్మశాల వెలసినది. ఇంకేమున్నది? శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలలో పొలము చాలనివారు, పని లేనివారు కొందరు ఓడయెక్కి రంగూను పోయిరి. కొందరు రైలెక్కి ఖరగ్‌పూరు వచ్చిరి. రంగూను పోయినవారిలో అనేకులు ప్రపంచయుద్ధ కాలమున కట్టుబట్టలతో మరలిరావలసి వచ్చినది. ఖరగ్‌పూరు వచ్చినవారు మాత్రము ఇచ్చటనే వేళ్ళూనుకొనిరి. మథురాకాటి, నిమ్‌పురా ప్రాంతములలో తెలుగు మాట నేటికిని వీధిలో వినవచ్చును. ఆ కుటుంబములలో మూడవ తరమువారు, నాలుగవ తరమువారు కూడ కలరు. మనమందరము తలచునట్లు వారు ప్రవాసులు కారు. ఈ యూరికి పునాదిరాళ్ళు మోసినవారి మనుమలు.

వారొంటరిగా మోయలేదు. వంగీయులు, ఉత్కళులు, బీహారు వారు, మధ్యపరగణాల వారు, తమిళులు, ఆంగ్లో ఇండియనులు, ఈ మట్టికి మనకంటె ముందటివారైన సంతాలులు, అందరును కలిసి మోసిరి. 1927లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మె ఖరగ్‌పూరును కదల్చివైచినపుడు ఆ కార్మిక సంఘమునకు నాయకత్వము వహించినవారు మన తెలుగువారైన శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు. ఆయనయే 1969లో భారత రాష్ట్రపతియైరి. ఆకలి కొన్ని సమయములలో మనుష్యులకు త్వరగా పరిచయము చేయించును. ఒకే కష్టము నెదుర్కొను ఇద్దరికి భాష అడ్డురాదు. కష్టము తీరి, కడుపు నిండి, పంకా క్రింద కుర్చీ దొరకిన పిమ్మటనే ఆ అడ్డుగోడలు మరల లేచును.

గోడలనిన మనకు హిజ్లీ జ్ఞాపకము రాక మానదు. ఈ ప్రక్కనే యున్న నిర్బంధ శిబిరమున 1931 సెప్టెంబరు 16వ తేదీన నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరుపగా సంతోష్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అను ఇద్దరు యువకులు మరణించిరి. ఆ శిబిర భవనముననే 1951లో దేశములోని మొదటి ఐ.ఐ.టి. తరగతులు నడువసాగినవి. దేశపు నలుమూలలనుండి వచ్చిన విద్యార్థులు అచ్చట ప్రక్కప్రక్కన కూర్చుండి పాఠములు వినిరి. గోడలవే, ఇటుకలవే. లోపల నున్నవారు ఒకరినొకరు చూచుకొను చూపు మారినది. అంతమాత్రమున చెరసాల పాఠశాలయైనది.

ఇది పూర్వచరిత్ర. ఇక వర్తమానము. ఖరగ్‌పూరు స్టేషనులోని వేదిక పొడవు 1072 మీటర్లకు పైచిలుకు. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్ళి దానిని మించినవి గాని, అంతవరకు చాలకాలము ప్రపంచములో అంత పొడవైన వేదిక లేదని మనము గర్వించుచుండెడివారము. ఆ వేదికను ఈ కొననుండి ఆ కొనకు నడచుటకు పావుగంట చాలును. కార్యాలయములో నా బల్లకును ప్రక్క బల్లకును నడుమ దూరము మూడడుగులు. ఆ మూడడుగులు నడచుటకు నాకు రెండేండ్లకు పైగా పట్టినది. ఆ దూరము ఎట్లేర్పడునో చూతము.

మొట్టమొదటి అడ్డు పేరు. మనలో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. దరఖాస్తులోని గడులు ఈ వరుస నెరుగవు. అందుచేత మన పిల్లవాడు కార్యాలయములో చేరిన నాటినుండి తాతముత్తాతల ఊరిపేరుతో పిలువబడును. వంగదేశమున ‘వ’కారము ‘బ’కారమగును, వేంకటేశ్వరుడు బెంకటేశ్వరుడగును, లక్ష్మి లొక్ఖి యగును. మనము నవ్వుకొందుము. కాని మనము చేయుచున్నదేమి? ‘శుబ్రొతో’ అని తల్లి పిలుచుకొను వానిని మనము ‘సుబ్రత’ అని పిలుచుచున్నాము. వంగీయులకు ప్రతివానికిని రెండు పేర్లుండును. లోకమునకు ఒక మంచి పేరు, ఇంటిలో పిలుచుటకు ఇంకొక పేరు. ఆ రెండవ పేరు తెలిసిననాడు మనమా యింటి గడప దాటినట్లు. సంతాలులలో ముర్ము, సోరెన్, హాఁస్దా, టుడు, హెంబ్రమ్ అనునవి గోత్రముల పేర్లు. ఒకే కార్యాలయమున ఇద్దరు సోరెన్‌లుండినచో వారన్నదమ్ములా యని నేనొకప్పుడు అడిగితిని. అది మన కార్యాలయమున నున్న ఇద్దరు కాశ్యప గోత్రీకులను కవలలా యని అడిగినట్లే.

రెండవ అడ్డు పలకరింపు. వంగభాషలో ‘దాదా’ అనిన అన్న. మన యూళ్ళలో ఆ మాటకు వేరొక అర్థము కలదని తమకందరకు తెలియును! క్రొత్తగా వచ్చిన మన తెలుగు యువకుని ఒక పెద్దమనిషి ప్రేమతో దాదా యని పిలువగా, నేనేమి రౌడీతనము చేసితినని అతడు నొచ్చుకొన్నాడు. ‘బాబు’ అను మాట మనకు పిల్లవానికి ముద్దు, పెద్దవానికి మర్యాద. వారికి పేరు చివర చేర్చు గౌరవవాచకము. ఇక తలయూపుట. మనము ఔననుటకు తలను ప్రక్కప్రక్కలకు ఊపుదుము. ఉత్తరాదినుండి వచ్చిన అధికారికి అది కాదన్నట్లు కనబడును. ఆయన మూడుసార్లు ఆజ్ఞాపించును. మనము మూడుసార్లు తలయూపుదుము. ఆయన ఈ మనిషి మొండివాడని నిశ్చయించుకొనును.

అట్లే దూరముగా కనబడునవి కొన్ని పరిశీలించినచో మిక్కిలి దగ్గరగా నుండును. సెలవు తీసికొనునపుడు మనము ‘వెళ్ళుచున్నాను’ అనము. అది అశుభము. ‘వెళ్ళి వస్తాను’ అందుము. వంగీయుడు లేచునపుడు ‘ఆషి’ అనును. దానికర్థము ‘వచ్చుచున్నాను’ అని. తమిళుడు ‘పోయి వరుకిరేన్’ అనును. పోవుచు రాకను మాటలో నిలుపుకొను ఈ సంస్కారము ముగ్గురిదియు నొక్కటే. మొదటి మారు ఇది గమనించిననాడు నాకు కలిగిన సంతోషము ఇంతింత కాదు. ఎదుటి బల్లమీది వంగీయ మిత్రుడు ప్రతి సాయంకాలము ‘ఆషి’ అని లేచి పోవుచుండగా, పోవువాడు వచ్చుచున్నాననుటేమని నేను లోలోన విసుగుకొన్న దినములు కూడ కలవు.

మూడవ అడ్డు అన్నిటికంటె సూక్ష్మమైనది. సంస్కృతి వేరు, స్వభావము వేరు. ఈ రెంటిని మనము కలగాపులగము చేయుదుము. వంగీయుడొకడు ఆలస్యముగా వచ్చిన ‘వీరింతే’ అందుము. మనవాడు ఆలస్యముగా వచ్చిన ‘పాపము, బండి దొరకలేదు’ అందుము. ఒకని గుణమును జాతికంతకు అంటగట్టుట మొదటి పొరపాటు. జాతి యలవాటును ఒకని దుర్గుణముగా నెంచుట రెండవ పొరపాటు. పైని చెప్పిన తలయూపుట యిట్టిది. మూడవది కూడ కలదు. ఏ జాతియందైనను మాటలాడుచు ఆలోచించువారు కొందరు, ఆలోచించి మాటలాడువారు కొందరు. సమావేశములో మొదటివారు గడియారపు చప్పుడువలె ఎడతెగక వినబడుదురు. రెండవవారు ఆలోచన ముగించి నోరు తెరచుసరికి అధ్యక్షుడు వందన సమర్పణ చేయుచుండును. ఆ రెండవవారి మౌనమును మనమెట్లు చదువుచున్నాము? ఇచ్చటనే నా తప్పు మొదలైనది.

కొన్నేండ్ల క్రిందట నేనొక కార్యాలయమున ఒక విభాగమునకు అధికారిగా నుంటిని. నా ప్రక్క బల్లవద్ద ఒక సంతాలు మిత్రుడు పనిచేయుచుండెను. వయస్సులో నాకంటె పెద్దవాడు, పదవిలో చిన్నవాడు. ఆయన పేరు చెప్పను. చెప్పవద్దని ఆయనయే కోరెను. ఈ కథ చెప్పుటకు మాత్రము అనుమతి నిచ్చెను. మా విభాగములో మన తెలుగువారు నలుగురముంటిమి. తేనీటి వేళ మేము తెలుగులో నవ్వుకొనెడివారము. వంగీయులు వంగభాషలో వాదించుకొనెడివారు. ఆయన తన గాజుగ్లాసు పట్టుకొని కిటికీవద్ద నిలువబడెడివాడు. సమావేశములలో ఏదైన అడిగిన ‘అగును’, ‘చూచెదను’ అని రెండు మాటలు. అంతకు మించి లేదు.

సంవత్సరాంతమున నేనాయన పనిని గూర్చిన వార్షిక నివేదికలో ఒక వాక్యము వ్రాసితిని: ‘సహోద్యోగులతో కలియడు, చొరవ చాలదు.’ ఏడు అక్షరముల సంతకము చేసితిని. దానికి తగినట్లే అంకెయు వేసితిని.

ఈ నివేదికల విషయము మీలో పలువురకు తెలిసినదే. ఒకప్పుడవి రహస్యములు. దేవ్‌దత్ అను ఒక యింజనీరు, తన నివేదికలో ‘బాగు’ అని వ్రాసిరనియు, పదోన్నతికి ‘చాల బాగు’ కావలసి యుండెననియు, ఆ సంగతి తనకెవ్వరును తెలుపలేదనియు మొరపెట్టుకొనగా, 2008లో సర్వోన్నత న్యాయస్థానము ప్రతి వ్రాతను ఆ ఉద్యోగికి తెలుపవలసినదేయని తీర్పు చెప్పినది. 2009లో కేంద్ర ప్రభుత్వము ఆ మేరకు ఉత్తర్వు చేసినది. నేడు నివేదిక నంతయు ఉద్యోగికి చూపుదురు. ఆక్షేపణ తెలుపుకొనుటకు 15 దినముల గడువుండును.

నా మిత్రునకు నివేదిక చూపిరి. 15 దినములు గడచినవి. ఆయన ఒక్క అక్షరమైన వ్రాయలేదు. మౌనము అర్ధాంగీకారమను సామెతను నమ్మి, నేను వ్రాసినది సత్యమే కాబోలునని సంతృప్తి చెందితిని. నిండుకుండ తొణకదను సామెత కూడ మన భాషలోనిదే. అది నాకు జ్ఞాపకము రాలేదు.

ఆ పిమ్మట మూడు మాసములకు, ఒక మధ్యాహ్నము, ముదుసలి యొకతె మా గది గుమ్మమువద్దకు వచ్చినది. కట్టు, మాట, రెండును శ్రీకాకుళపువి. చేతిలో చిన్న గుడ్డసంచి.

“బాబూ! ఆ తక్కువ మాటాడే బాబుగారు ఈ గదిలోనేనా ఉంటారు? మా ఇంటాయన పింఛను వచ్చిందండి. పలాస జీడిపప్పు కొంచెం తెచ్చాను, ఆయనకిద్దామని.”

తెలుగు వినగానే నేను లేచి కూర్చుండబెట్టి వివరములడిగితిని. అడిగినకొలది నా ముఖము వాడిపోయినది. ఆమె భర్త మా కార్యాలయమున చిన్న పని చేసి విరమించినవాడు. ఆయన మరణానంతరము ఈమెకు రావలసిన కుటుంబ పింఛను రెండు మారులు ఆగినది. ఆపినది ఎవరో కాదు. ఆ కాగితముపై ‘పేర్లలో తేడా కలదు, సరిచేసి పంపవలెను’ అని రెండు మారులు వ్రాసి త్రిప్పి పంపినవాడను నేనే.

ఆయనది సింహాద్రి అప్పన్న పేరు. ఆ ప్రాంతమున ఇంటికొకరు ఆ స్వామి పేరు పెట్టుకొందురని మీకు తెలియును. సేవాపుస్తకములో నొక విధముగా, బ్యాంకు పుస్తకములో నింకొక విధముగా, మరణపత్రములో మరియొక విధముగా ఆ పేరు ఆంగ్లాక్షరములలో పడినది. ఒకచోట ఇంటిపేరు పేరైనది. ఒకచోట స్వామి లోపించెను. ఒకచోట అప్పలకు ‘ప’కార మొక్కటే మిగిలెను. తెలుగువాడనైన నేను అక్షరముల తేడాను చూచితిని గాని, మూడును ఒక్క అప్పన్నయేయని చూడలేదు. కాగితమును చదివితిని; పేరును వినలేదు.

ఆ కాగితము ప్రక్క బల్లకు పోయినది. ఆ మిత్రుడు మథురాకాటికి పోయి, ఒక వృద్ధునడిగి, ఈ పేరునకర్థమేమని తెలిసికొనెను. సింహాచలమున వేంచేసియున్న దేవుడని తెలిసికొనెను. రెండు దినములు సొంత సెలవు పెట్టి, రైలెక్కి పలాస పోయి, ఆ ముదుసలిని వెంటబెట్టుకొని తహసీలుదారు కార్యాలయము చుట్టు తిరిగి, మూడు పేర్లును ఒక్క మనిషివేయను ధ్రువపత్రమును తీసికొని వచ్చెను. అతనికి తెలుగు రాదు. ఆమెకు తెలుగు తప్ప వేరేది రాదు. ఆ రెండు దినములు వారెట్లు మాటలాడుకొనిరో నేటికిని నాకు ఆశ్చర్యమే. ఆమె నడుగగా, “మాటలెందుకు బాబూ, కొడుకులా కూడా ఉన్నాడు” అన్నది.

చొరవ చాలదని నేను వ్రాసినది ఈ మనిషిని గూర్చియే.

ఆ సాయంకాలము అందరును పోవువరకు ఆగి, ఆయన బల్ల వద్దకు కుర్చీ లాగుకొని కూర్చుంటిని. మూడడుగులు! మొదటిసారిగా ‘దాదా’ అని పిలిచితిని.

“దాదా, నేను రాసినదానికి మీరెందుకు ఆక్షేపణ చెప్పలేదు?”

ఆయన చాలసేపు పలుకలేదు. ఈ మారు నేను తొందరపడలేదు. ఆగితిని. అప్పుడాయన మెల్లగా చెప్పినది ఇది.

“మీరు రాసింది అబద్ధం కాదు కదా సార్. నేను కలవను, నిజమే. ఎందుకు కలవను అని రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు. ఇంట్లో మా భాష సంతాలీ. బడిలో బెంగాలీ నేర్చుకున్నాను. ఉద్యోగానికి హిందీ, దస్త్రానికి ఇంగ్లీషు. మీ బల్ల దగ్గర తెలుగు. ఒక మాట సంతాలీలో పుట్టి, ఇన్ని స్టేషన్లు దాటి నా నోటికి వచ్చేసరికి మీ బండి వెళ్ళిపోయి ఉంటుంది.”

నేను నిరుత్తరుడనైతిని. మరునాడు నా పై అధికారివద్దకు పోయి, నా వ్రాత తప్పని వ్రాతమూలముగా మనవి చేసితిని. గడువు దాటినదనిరి. వాక్యము అట్లే నిలిచినది. మరుసటి సంవత్సరము నేను సత్యము వ్రాసితిని. కాని మరుసటి ఏటి సత్యము ముందటి ఏటి అసత్యమును తుడిచివేయజాలదు. ఆ యేటి పదోన్నతుల జాబితాలో ఆయన పేరు లేదు. నేనీ సభలో నిలిచి ఎంత మధురముగా మాటలాడినను ఆ సంవత్సరమును ఆయనకు తెచ్చి యీయలేను.

సోదరులారా! అప్పటినుండి నేనొక విషయము తలపోయుచున్నాను. కాగితముపై వ్రాయు నివేదికనైన నేడు చూపుచున్నారు. మన మనస్సులో ప్రక్కవానిని గూర్చి దినదినము వ్రాసికొను నివేదిక యొకటి కలదు. ‘గర్విష్ఠి’, ‘లోభి’, ‘కలియడు’, ‘అతిగా మాటలాడును’. దానిని మనమెవ్వరికిని చూపము. దానికి పదునైదు దినముల గడువు లేదు. ఆక్షేపణ తెలుపుకొనుటకు అవకాశమును లేదు. దేవ్‌దత్ తీర్పు ఆ రహస్య నివేదికను అందుకొనజాలదు. దానిని తెరచి చూచి సరిదిద్దుకొను న్యాయస్థానము మన యంతరంగమొక్కటే.

ఇక అభిప్రాయము. నా అనుభవమున తేలిన నాలుగు మాటలు మనవి చేసెదను.

మొదటిది. పేరును దాని తల్లి పలికినట్లు పలుకుట నేర్వవలెను. ఒకసారి అడిగిన తప్పు లేదు. పదేండ్లు తప్పుగా పిలుచుటలో తప్పు కలదు.

రెండవది. మూడవవాడు ప్రక్కనుండగా మన భాషలో సంభాషణ సాగించుట మర్యాద కాదు. తెలుగు మనకు తల్లి. ఆ తల్లి పేరు చెప్పి ఇంకొక తల్లి బిడ్డను గుమ్మమువద్ద నిలువబెట్టరాదు. ఇద్దరమే యున్నపుడు హాయిగా తెలుగే మాటలాడుకొందము. మూడవవాడు రాగానే ఒక వాక్యమైనను అతనికి తెలిసిన భాషలో చెప్పుదము.

మూడవది. సమావేశమున కార్యక్రమ పత్రమును ముందునాడే పంచవలెను. మాటలాడనివారి యభిప్రాయమును ఒక చిన్న కాగితముపై వ్రాసి యిమ్మని కోరవలెను. అడిగిన పిమ్మట కొంచెము ఆగవలెను. ఇది నేను నా విభాగమున అమలు జరిపితిని. మంచి సూచనలలో ఎన్నో, ఎన్నడును నోరు విప్పనివారి బల్లలనుండియే వచ్చినవి.

నాలుగవది. ఇతరుల పండుగలను సెలవు జాబితాలో చూచి ఊరకుండరాదు. నా మిత్రుడు చెప్పువరకు వసంతకాలమున సంతాలులు జరుపుకొను ‘బాహా’ పండుగను గూర్చి నాకు తెలియదు. అది పూవుల పండుగ. ఆ పూజ జరుగువరకు వారు క్రొత్త సాలవృక్షపు పూవును తురుముకొనరు. ముందు దేవతకు, పిదప తమకు. నైవేద్యము పెట్టనిదే క్రొత్త మామిడికాయ ముట్టని మా నాయనమ్మ నాకు జ్ఞాపకమునకు వచ్చినది. వారి భాషకు పండిత రఘునాథ్ ముర్ముగారు 1925లో ‘ఓల్ చికి’ అను లిపిని కల్పించిరి. 2003లో జరిగిన 92వ సవరణచే ఆ భాష రాజ్యాంగపు ఎనిమిదవ అనుబంధమున చేరినది. 2022లో ఆ జాతి పుత్రిక శ్రీమతి ద్రౌపది ముర్ముగారు రాష్ట్రపతి పీఠము నధిష్ఠించిరి. ఇవియన్నియు వార్తాపత్రికలో చదివియే యుంటిని. ప్రక్క బల్లపై నున్న మనిషికి వాటితో సంబంధము కలదని మాత్రము తోచలేదు. చదివిన విద్యకును, చూచిన మనిషికిని నడుమ వంతెన వేయువాడే చదువుకొన్నవాడు.

ఇచ్చట ఒక సంగతి మరువరాదు. 2020 డిసెంబరులో పశ్చిమ వంగ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషగా ప్రతిపత్తి నొసగుటకు నిర్ణయించినది. అందుకు ముఖ్య కారణము ఈ ఖరగ్‌పూరు ప్రాంతపు తెలుగువారే. మన భాషను ఈ గడ్డ గుర్తించినది. గుర్తింపు పొందినవాడు గుర్తించుట నేర్వవలెను. మన సంఘము మన పిల్లలకు తెలుగు పద్యము నేర్పుచున్నది, చాల సంతోషము. ఆ పిల్లవాడు పద్యము చదువునపుడు సభలో ఒక వంగీయ కుటుంబము, ఒక ఉత్కళ కుటుంబము, ఒక సంతాలు కుటుంబము కూర్చుండి, అర్థమేమని అడిగి తెలిసికొనినచో ఆ పద్యమునకు తక్కువ కాదు, ఎక్కువయే. వచ్చే యేటి ఆహ్వానపత్రికలను మూడు వంతులు మనవారికి, ఒక వంతు ప్రక్క బల్లలవారికి పంచవలసినదిగా కార్యవర్గమునకు నా మనవి.

నా మిత్రుడు నేడీ సభలో చివరి వరుసలో కూర్చుండియున్నారు. నేను చెప్పినదంతయు ఆయనకు అర్థము కాకపోవచ్చును. తన కథ చెప్పుచున్నానని మాత్రము ఆయనకు తెలియును. ఆ ముదుసలి ఇచ్చిన జీడిపప్పులో సగము ఆయన ఆనాడే నా బల్లపై పెట్టి, తనకు తెలిసిన ఒక్కగానొక్క తెలుగు మాటను పలికిరి: “తీసుకోండి.” ఆ మాటను ఆయన పలాసలో ఆమెవద్ద నేర్చుకొనిరట.

దస్త్రము ముగిసినది. సంతకము తమది. సభవారికి నమస్కారము, వంగ సోదరులకు నమస్కార్, చివరి వరుసకు జోహార్. తెలుగులో చెప్పవలెననిన, వెళ్ళి వచ్చెదను. వంగభాషలో చెప్పవలెననిన, ఆషి.